బర్డ్ ఫ్లూ సర్వే: కోళ్ల రైతును ఏం అడుగుతారు, ఎందుకు అడుగుతారు?

బర్డ్ ఫ్లూ వార్త రాగానే మనకు కనిపించేవి రెండు: కోళ్లను పూడ్చే గుంతలు, పడిపోయిన చికెన్ ధర. ఆ తర్వాత జరగాల్సిన ఒక ముఖ్యమైన పని వార్తల్లోకి పెద్దగా రాదు. ఫారం ఫారానికీ వెళ్లి రైతును, పనివాళ్లను కూర్చోబెట్టి ప్రశ్నలు అడగడమే ఆ పని. రోగం ఈ ఫారానికే ఎందుకు వచ్చింది? పక్క ఫారానికి ఎందుకు రాలేదు? వైరస్ ఉందో లేదో, అది ఏ రకమో ల్యాబ్ చెబుతుంది. ఏ బండి మీద, ఎవరి చెప్పులకు అంటుకుని లోపలికి వచ్చిందో తెలియాలంటే ఫారంలో రోజూ తిరిగే మనిషే చెప్పాలి.

ఈ విషయం రైతులకు మాత్రమే సంబంధించింది కాదు. చికెన్ సెంటర్ నడిపేవాళ్లు, కోళ్ల బండి తోలేవాళ్లు, గుడ్ల హోల్‌సేల్ చేసేవాళ్లు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. ఫారానికి, బజారుకు మధ్య తిరిగేది వీళ్లే. కాబట్టి సర్వే ప్రశ్నల్లో సగం వీళ్ల పని గురించే ఉంటాయి.

గోదావరి జిల్లాల్లో ఏం జరిగింది?

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం ఫారాల్లో హెచ్5ఎన్1 వైరస్ ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ నిర్ధారించింది. నిబంధనల ప్రకారం రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు వరకు రోగ ప్రాంతం, 10 కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతం. రోగ ప్రాంతంలో కోళ్లను చంపి పూడ్చేస్తారు, రాకపోకలు ఆపేస్తారు. అంతకు ఏడాది ముందు, 2024 ఫిబ్రవరిలో, నెల్లూరు జిల్లాలోనూ ఇదే పని చేయాల్సి వచ్చింది.

ఇలాంటప్పుడు మొదట వలస పక్షుల పేరే వినపడుతుంది. అందులో నిజం లేకపోలేదు. నీటి పక్షుల్లో ఈ వైరస్ తిరుగుతుంది, రెట్టలో బయటికి వస్తుంది. గోదావరి జిల్లాల పక్కనే కొల్లేరు ఉంది. కోతలయ్యాక వరి చేలలో బాతుల మందలను మేపుకుంటూ ఊరూరా తిప్పుతారు. కానీ కొంగ ఎగిరొచ్చి ఒక ఊరి చెరువులో వాలినంత మాత్రాన ఆ చుట్టుపక్కల ఫారాలన్నిటికీ రోగం రాదు. చెరువు నుంచి షెడ్డులోకి వైరస్‌ను ఎవరో, ఏదో మోసుకెళ్లాలి. ఒక ఫారం నుంచి మరో ఫారానికి అయితే ఆ పని ఎక్కువగా చేసేది మనుషులు, బండ్లు, సామాన్లే. సర్వే వెతికేది ఆ దారిని.

సర్వే ఎలా చేస్తారు?

రోగం వచ్చిన ఫారాలను మాత్రమే అడిగితే లాభం లేదు. వాళ్లందరూ గుడ్ల ట్రేలు బయటి నుంచి తెచ్చుకున్నారనుకోండి. రోగం రాని వాళ్లు కూడా అలాగే తెచ్చుకుంటుంటే తప్పు ట్రేలదని చెప్పలేం. అందుకే రోగం వచ్చిన ఫారాలను, అదే ప్రాంతంలో రాని ఫారాలను తీసుకుని రెండు వైపులా ఒకే ప్రశ్నలు అడుగుతారు.

ఊహా లెక్కతో చూద్దాం. రోగం వచ్చిన 20 ఫారాల్లో 15 మంది వాడిన ట్రేలు తెచ్చుకున్నారు, అంటే 75 శాతం. రోగం రాని 40 ఫారాల్లో 10 మందే తెచ్చుకున్నారు, అంటే 25 శాతం. ఈ తేడా చూస్తే ట్రేల మీద అనుమానం వస్తుంది. అంతటితో తీర్పు చెప్పేయకూడదు. ట్రేలు ఎక్కువ తిరిగేది పెద్ద ఫారాల్లో. అక్కడికి బండ్లు, మనుషులు కూడా ఎక్కువే వస్తారు. అందుకే ఫారం సైజు, కోళ్ల వయసు, చెరువు దూరం లాంటివి కూడా రాసుకుని, అన్నీ కలిపి లెక్క కడతారు.

ప్రశ్నలు అడిగేది సాధారణంగా రోగం కనిపించడానికి ముందు రెండు వారాల గురించి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒక మందలో ఈ రోగం బయటపడే గడువును 14 రోజులుగా లెక్కిస్తుంది. ఆ రెండు వారాల్లో:

– షెడ్డు దగ్గరికి ఏయే బండ్లు వచ్చాయి? దాణా లారీ, గుడ్ల వ్యాను, కోళ్ల బండి, ఎరువు ట్రాక్టర్?
– బోనులు, ట్రేలు ఎక్కడి నుంచి తిరిగొచ్చాయి? కడిగారా?
– చచ్చిన కోళ్లను ఏం చేశారు? పూడ్చారా, కాల్చారా, కాల్వలో పారేశారా, ఎవరికైనా ఇచ్చారా?
– టీకాలు వేసేవాళ్లు, ముక్కులు కత్తిరించేవాళ్లు, మందుల కంపెనీ వాళ్లు అంతకుముందు ఏ ఫారానికి వెళ్లి వచ్చారు?
– పనివాళ్ల ఇంటి దగ్గర నాటు కోళ్లు, బాతులు, పందెం కోళ్లు ఉన్నాయా?
– కోళ్లకు తాగునీళ్లు బోరువా, చెరువువా? క్లోరిన్ కలుపుతారా?
– కాకులు, పిచ్చుకలు, ఎలుకలు, కుక్కలు షెడ్డులోకి వస్తాయా?

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యమే. "షెడ్డులోకి వెళ్లేముందు చెప్పులు మారుస్తారా?" అంటే ఎవరైనా "మారుస్తాం సార్" అనే అంటారు. "ఇవాళ పొద్దున షెడ్డులోకి చివరగా వెళ్లింది ఎవరు? వాళ్ల కాళ్లకు ఏమున్నాయి?" అని అడిగి, వెళ్లి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. అలాగే యజమాని ముందు కూలీ నోరు విప్పడు. అతన్ని విడిగా, అతని భాషలో అడగాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన పనివాళ్లను తెలుగులో అడిగితే తలూపుతారు తప్ప జవాబు రాదు.

వేరే చోట్ల ఏం తేలింది?

హాంకాంగ్‌లో 2002లో కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 వచ్చినప్పుడు రోగం వచ్చిన 16 ఫారాలను, రాని 46 ఫారాలను పోల్చి చూశారు. బతికున్న కోళ్లు అమ్మే చిల్లర బజారుతో ఉన్న సంబంధమే ప్రధాన కారణంగా తేలింది. బజారుకెళ్లిన బండి, బోను మళ్లీ ఫారానికే వస్తాయి కదా.

అమెరికాలో 2015లో బర్డ్ ఫ్లూ వల్ల 5 కోట్లకు పైగా కోళ్లు, టర్కీలు పోయాయి. అయోవా, నెబ్రాస్కా రాష్ట్రాల్లో గుడ్ల ఫారాలను ఇలాగే సర్వే చేస్తే, చచ్చిన కోళ్లను, చెత్తను తీసుకెళ్లే లారీలు షెడ్ల దగ్గరి దాకా వచ్చిన చోట ప్రమాదం ఎక్కువని కనిపించింది. బయటివాళ్లతో బట్టలు మార్పించిన ఫారాల్లో ప్రమాదం తక్కువగా ఉంది. కోట్ల డాలర్ల ఫారాలను కాపాడిన వాటిలో ఒక జత బట్టలు కూడా ఉన్నాయన్నమాట.

బంగ్లాదేశ్‌లో పెరటి కోళ్ల మీద జరిగిన అధ్యయనం మన ఇళ్లకూ పనికొస్తుంది. కొన్న కోడిని కోసి, మిగిలిన పేగులు, తుక్కు ఇంటి కోళ్లకు వేయడం ప్రమాద కారణాల్లో ఒకటని అందులో తేలింది. రాత్రిపూట కోళ్లను, బాతులను వేరుగా ఉంచిన ఇళ్లలో ప్రమాదం తగ్గింది.

నిజం ఎందుకు బయటికి రాదు?

రైతుకు సర్వే అంటే విచారణలా అనిపిస్తుంది. "చచ్చిన కోళ్లు కాల్వలో పడేశా" అని ఒప్పుకుంటే కేసు పెడతారేమో, పరిహారం ఆపేస్తారేమో, ఊళ్లో పేరు పోతుందేమో అని భయం. అప్పు తెచ్చి షెడ్డు వేసిన మనిషికి ఆ భయం ఉండడంలో వింత లేదు. కానీ అందరూ "మా దగ్గర అంతా పద్ధతిగానే ఉంది" అని రాయిస్తే, రోగం వచ్చిన ఫారానికి, రాని ఫారానికి తేడా కాగితం మీద మాయమవుతుంది. అప్పుడు తప్పంతా ఎగిరిపోయిన పక్షి మీదే పడుతుంది. మరుసటి శీతాకాలం అదే బండి, అదే బోను, అదే దారి.

కాబట్టి సర్వే చేసేవాళ్లకూ బాధ్యత ఉంది. ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలి. పేరు బయటపెట్టకూడదు. జరిమానా వేసే అధికారి, ప్రశ్నలు అడిగే మనిషి ఒక్కరే కాకూడదు. తేలిన విషయం మళ్లీ ఊరికి వచ్చి రైతులకు చెప్పాలి. మీ దగ్గరికి సర్వే వాళ్లు వస్తే ఈ నాలుగూ అడగండి. అది మీ హక్కు.

దాచిపెడితే డబ్బు కూడా పోతుంది. పరిహారం ఇచ్చేది అధికారులు చంపించిన కోళ్లకు, నాశనం చేయించిన గుడ్లకు, దాణాకు. ముందే రోగంతో చచ్చిన కోళ్లకు కాదు. అంటే కబురు ఆలస్యమైన ప్రతి రోజూ రైతుకే నష్టం. పైగా జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం, 2009 ప్రకారం అనుమానం వస్తే తెలియజేయడం యజమాని బాధ్యత.

ఇంట్లో, దుకాణంలో గుర్తుంచుకోవాల్సినవి

70 డిగ్రీల వేడికి ఈ వైరస్ చచ్చిపోతుంది. మాంసం లోపలి దాకా బాగా ఉడికితే, గుడ్డు పూర్తిగా గట్టిపడితే భయం లేదు. మన బిర్యానీ, కూరలు ఆ వేడికి మించే ఉడుకుతాయి. జాగ్రత్త పడాల్సింది పచ్చి మాంసం దగ్గర. 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప హెచ్5ఎన్1 సోకి చనిపోయింది. పాప పచ్చి కోడి మాంసం ముక్క తిన్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. వంటింట్లో కోడి కడిగేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి. కత్తి, పలక, చేతులు సబ్బుతో కడిగాకే కూరగాయలు ముట్టుకోండి.

చికెన్ దుకాణం ఉన్నవాళ్లు జబ్బుగా ఉన్న కోడిని, చచ్చి వచ్చిన కోడిని పక్కన పెట్టి పశువైద్యుడికి చెప్పండి, కోయకండి. ఖాళీ బోనులను కడిగి ఎండబెట్టాకే బండి ఎక్కించండి. కోసే పనిలో ఉన్నవాళ్లకు జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట "నేను కోళ్ల పని చేస్తాను" అని. ఆ ఒక్క మాటతో డాక్టరు చేయించే పరీక్ష మారుతుంది.

ఫారంలో ఒక్కసారిగా కోళ్లు చచ్చిపోతున్నా, తలలు వాచినా, జుట్టు నీలంగా మారినా, గుడ్లు హఠాత్తుగా తగ్గినా మండల పశువైద్యాధికారికి ఆ రోజే ఫోన్ చేయండి. ఆ తర్వాత ప్రశ్నల కాగితం పట్టుకుని ఎవరైనా వస్తే, జరిగింది జరిగినట్టు చెప్పండి. మీ జవాబు పక్క ఊరి ఫారాన్ని కాపాడవచ్చు. వాళ్ల జవాబు వచ్చే ఏడాది మీ ఫారాన్ని కాపాడవచ్చు.