ఏ గుర్రానికి పీట వేయాలి? హాల్ ఆఫ్ ఫేమ్ వాదన, మన అనంతపురం లెక్క

ఈ ఎపిసోడ్‌లో రేసు గుర్రాల గురించి మాట్లాడుకుందాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే జిల్లాలో కూర్చొని రేసు గుర్రాల ముచ్చటేంటి అంటారేమో. కాస్త ఓపిక పట్టండి. గుర్రం కథ పెనుకొండ మీదుగా, గుత్తి మీదుగా మన ఊరి బండలాగుడు పందెం దాకా వస్తుంది.

ముందు వాదనేంటో చెప్తా. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో సరటోగా స్ప్రింగ్స్ అని ఒక ఊరుంది. అక్కడ 1950లో గుర్రపు పందాల మ్యూజియం పెట్టారు. 1955 నుంచి అందులోనే హాల్ ఆఫ్ ఫేమ్ నడుస్తోంది. అంటే గొప్ప గుర్రాలకు, జాకీలకు, శిక్షకులకు శాశ్వతంగా పీట వేసే చోటు. గుర్రం పేరు పరిశీలనకు రావాలంటే అది పరుగు మానేసి ఐదేళ్లు కావాలి. ఈ నియమం నాకు బాగా నచ్చింది. గెలిచిన వేడిలో ప్రతి గుర్రమూ దేవేంద్రుడి ఉచ్చైశ్రవంలాగే కనపడుతుంది. ఐదేళ్లు పోతే వేడి తగ్గి, లెక్క మిగులుతుంది.

అయితే ఏ లెక్క? గొడవంతా అక్కడే. సీబిస్కట్ అనే గుర్రం 89 సార్లు పరిగెత్తి 33 సార్లు గెలిచింది. వార్ అడ్మిరల్ 26 సార్లు పరిగెత్తి 21 సార్లు గెలిచింది. శాతాలు కట్టే గుమాస్తాకిస్తే రెండోదాన్ని లోపలికి పిలిచి, మొదటిదాన్ని గేటు దగ్గరే ఆపేస్తాడు. కానీ 1938 నవంబర్ 1న పిమ్లికో మైదానంలో ఈ రెండే పోటీపడితే సీబిస్కట్ గెలిచింది, అదీ నాలుగు గుర్రాల నిడివి తేడాతో. చివరికి 1958లో రెండింటినీ ఒకే ఏడాది హాల్లోకి తీసుకున్నారు. నన్నడిగితే అది సరైన తీర్పే. ఒకటి లెక్క ప్రకారం వచ్చింది, రెండోది జనం మనసులోంచి వచ్చింది.

ఈ వార్ అడ్మిరల్ తండ్రి మ్యాన్ ఓ వార్. 21 పందాల్లో 20 గెలిచింది. ఓడిన ఆ ఒక్కటీ 1919లో, ఇదే సరటోగాలో. గెలిచిన గుర్రం పేరేమో అప్‌సెట్! ఇప్పుడు చూడండి, అప్‌సెట్ పేరు ఈనాటికీ వినపడుతోందంటే ఆ ఒక్క గెలుపు వల్లే. ఒక్క రోజు గొప్పతనానికి పీట వేయొచ్చా? నేనైతే వేయను. ఒక్క ఏడాది వాన బాగా పడిందని అనంతపురం కోనసీమ అయిపోదు కదా.

అసలు గెలవకుండా పేరు తెచ్చుకున్నదీ ఉంది. జపాన్లో హారు ఉరారా అనే ఆడగుర్రం 113 సార్లు పరిగెత్తి ఒక్కసారి కూడా గెలవలేదు. అయినా దాన్ని చూడ్డానికి జనం విరగబడేవారు. మా సీమ రైతుకు ఈ గుర్రం బాగా అర్థమవుతుంది. ఎన్నిసార్లు పంట పోయినా మళ్లీ విత్తనం వేసేవాడు కదా.

మన దేశంలో ఈ వాదన మొదలైతే తప్పకుండా వినపడే పేరు స్క్వాండరర్. 1970ల గుర్రం, రషీద్ బైరాంజీ తయారుచేసింది. 19 పందాల్లో 18 గెలిచింది. దీని మీద నాకు పేచీ లేదు. తెలుగు నేల మీద రేసులంటే హైదరాబాదు. 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వాటిని తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు మార్పించాడు. మన అనంతపురం వాళ్లకు మలక్‌పేట కంటే బెంగళూరు రేసుకోర్సే దగ్గర. అక్కడికి పోయి ఏం పోగొట్టుకొచ్చారో చాలా ఇళ్లలో ఆడవాళ్లకు తెలుసు. ఆ కథ ఇంకోసారి.

సరే, ఇప్పుడు నాలుగైదు వందల ఏళ్లు వెనక్కి పోదాం. విజయనగర రాజుల్ని నరపతులు అనేవాళ్లు. ఒడిశా రాజులు గజపతులు, ఉత్తరాది సుల్తానులు అశ్వపతులు. అశ్వపతులతో తలపడాలంటే గుర్రాలు కావాలి. మేలుజాతి గుర్రాలేమో సముద్రం మీద హొర్ముజ్ రేవు నుంచి రావాలి. న్యూనిజ్ అనే పోర్చుగీసు ఆయన, స్వయంగా గుర్రాల వ్యాపారి, అచ్యుతరాయల కాలంలో ఇక్కడుండి రాసిపెట్టాడు. రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడట. మేలైనవి తన లాయంలో ఉంచుకుని, నాటు గుర్రాల్ని వెయ్యి పర్దావులకు ఐదు చొప్పున సేనానులకు అంటగట్టేవాడట. ఆ బాకీ సెప్టెంబరు నెలలో కట్టి తీరాలి. ప్రభుత్వం ఎరువులు అంటగట్టినట్టు లేదూ!

ఇదే న్యూనిజ్ సాళువ నరసింహరాయల గురించి ఇంకో సంగతి చెప్పాడు. బతికినా చచ్చినా గుర్రాలకు వెయ్యి పర్దావులకు మూడు చొప్పున డబ్బు ఇచ్చేవాడట. సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక పట్టుకొచ్చి చూపిస్తే చాలు. వ్యాపారి ఇంకో దేశానికి పోకుండా ఉండాలని ఆ ఏర్పాటు. ఎంత గుర్రపు ఆకలో చూడండి. ఆ తోకలకు కూడా లెక్క రాశారు. కానీ ఆ గుర్రాల్లో ఒక్కదాని పేరు చెప్పండి చూద్దాం.

చెప్పలేం. 1565 తర్వాత రాజధాని పెనుకొండకు వచ్చింది. అంటే ఆ లాయాల్లో మిగిలినవి మన కొండ కిందే దాణా తిని ఉండాలి. గుర్రం దాణా అంటే ఉలవలు. వేరుశనగ ఇంతగా రాకముందు మన మెట్ట చేలల్లో పండిన ఉలవలే. ఇంగ్లీషులో ఉలవకు పేరే గుర్రపు పప్పు అని! ఇప్పుడు పెనుకొండ శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది, 2022లో జిల్లాలు విడదీశారు కాబట్టి. చరిత్రకు ఆ గీతలతో పనిలేదు.

మనవాళ్లకు గుర్రం మీద శ్రద్ధ లేక పేర్లు పోయాయని అనుకోకండి. మనుమంచి భట్టు తెలుగులో అశ్వశాస్త్రాన్ని పద్యాల్లోనే రాశాడు. రంగు ఎలా ఉండాలి, సుడి ఎక్కడుంటే మంచిది, ఇలాంటివన్నీ మన అశ్వశాస్త్రాల్లో ఉంటాయి. అంటే మంచి గుర్రం ఎలా ఉండాలో రాసుకున్నారు. ఫలానా గుర్రం ఫలానా రోజు ఎలా పరిగెత్తిందో మాత్రం రాసుకోలేదు. ఇంగ్లండు వాళ్లు రెండోది రాశారు. 1791లో వంశావళి పుస్తకం అచ్చువేసి, ఏ గుర్రానికి ఏది పుట్టిందో ఎక్కించారు. ఈనాటి రేసు గుర్రాలన్నింటికీ మగవైపు మూలపురుషులు మూడే: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ తూర్పు నుంచి పోయిన గుర్రాలే. మన రాయలు ఓడల కొద్దీ కొన్నవీ ఆ దిక్కు నుంచి వచ్చినవే. ఒకవైపు మూడు గుర్రాలు పుస్తకానికెక్కి ప్రపంచానికి తాతలయ్యాయి. ఇంకోవైపు ఏటా పదమూడు వేలు వచ్చి దుమ్ములో కలిసిపోయాయి. తేడా కాళ్లలో ఉందంటారా, కాగితంలో ఉందంటారా? నేను కాగితమనే అంటాను.

ఇంకో చిత్రం గమనించారా? బయర్లీ, డార్లీ, గొడాల్ఫిన్, ఇవన్నీ యజమానుల పేర్లు. గుర్రానికి తనదంటూ పేరు లేదు!

గుత్తికి రండి. మురారిరావు ఘోర్పడే రౌతులంటే ఆ రోజుల్లో దక్షిణాదంతా హడల్. 1751లో ఆర్కాటులో క్లైవు ముట్టడిలో చిక్కుకున్నప్పుడు, మురారిరావు దండు సాయానికి కదిలిందన్న కబురుకే అవతలివాళ్లు తొందరపడ్డారు. 1776లో హైదరాలీ గుత్తిని పట్టుకున్నాక ఆ రౌతుల కథ ముగిసింది. కోట ఉంది, రాజు పేరుంది, గుర్రాల పేర్లు లేవు. తర్వాత దత్తమండలాలకు కలెక్టరుగా మన అనంతపురంలో ఉన్న థామస్ మన్రోనే తీసుకోండి. మద్రాసులో ఆయన గుర్రం మీదున్న విగ్రహం ఉంది కదా, చాంట్రీ చెక్కింది. దానికి జీను లేదు, రికాబులు లేవు అని రెండు వందల ఏళ్లుగా జనం చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ గుర్రం పేరేంటని అడిగినవాళ్లను నేను చూడలేదు. రాణాప్రతాపు చేతక్ మాత్రం బతికింది, ఎందుకంటే దాని మీద పాటలు కట్టారు.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఉగాదికో, జాతరకో బండలాగుడు పందెం పెడతారు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఎద్దుల వయసును బట్టి విభాగాలుంటాయి. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయో టేపు పట్టి కొలుస్తారు. రేసుకోర్సులో ఉన్నంత నికార్సయిన కొలతే ఇది. మరుసటి రోజు పేపర్లో ఏం వస్తుంది? ఫలానా గ్రామం ఫలానా రైతు వృషభాలకు మొదటి బహుమతి అని. యజమాని పేరుంటుంది, ఊరుంటుంది, అడుగులుంటాయి, ఎద్దు పేరుండదు. ఆ ఇంట్లో అడిగి చూడండి, రాముడనో, బసవడనో, పిల్లలు పెట్టిన ముద్దుపేరు తప్పకుండా ఉంటుంది. డార్లీ గుర్రానికి జరిగిందే మళ్లీ మన కళ్లముందు జరుగుతోంది.

అందుకే నా హాల్ ఆఫ్ ఫేమ్‌లో పీటలు ఇలా వేస్తాను. స్క్వాండరర్‌కు ఒకటి, లెక్క ప్రకారం. సీబిస్కట్‌కు ఒకటి. హారు ఉరారాకు కూడా, కాస్త మూలగా, ఎవరేమనుకున్నా సరే. మ్యాన్ ఓ వార్‌ను వేరే చెప్పక్కర్లేదు. అప్‌సెట్‌కు లేదు. హొర్ముజ్ నుంచి బయల్దేరి తీరం చేరని గుర్రానికి, గోడకు ఒక మేకు కొట్టి ఒక తోక వేలాడదీస్తాను.

మన ఎడ్లకైతే ముందు ఒక నోటుబుక్కు కావాలి. రెండు వందల పేజీలది చాలు. ఎద్దు పేరు, దాన్ని పెంచిన ఇల్లు, ఎన్ని పళ్లు, ఏ ఊరి పందెం, తేదీ, బండ బరువు, లాగిన అడుగులు, పక్కన ఓడిన జత పేరు కూడా. వచ్చే ఉగాదికి మా వైపు పందెం దగ్గర నేనే కొలత టేపు పక్కన కూర్చుని మొదటి పేజీ రాస్తాను. మీ ఊళ్లో ఇంకెవరైనా మొదలుపెడితే ఎద్దు పేరే ముందు రాయండి, రైతు పేరు రెండో గడిలో.