పక్షుల చెఱువు - పల్లెవారి కౌలు

మదరాసు నగరమునకు నైరుతి దిక్కున, దాదాపు 80 కిలోమీటర్ల దూరమున, మధురాంతకము తాలూకాలో వేడందాంగల్ అను చిన్న పల్లె కలదు. అఱవమున వేడన్ అనగా వేటగాడు. తాంగల్ అనగా చిన్న చెఱువు. వేటగాని పేరు పెట్టుకొన్న పల్లెయే వేటను మాన్పించిన పల్లెగా చరిత్రకెక్కుట వింతగా తోచును. మన దేశమున పక్షులకును మృగములకును రక్షణ కల్పించిన కట్టుబాట్లన్నియు ప్రభుత్వమువారు తమంత తాము చేసినవే యని పెక్కురు తలంతురు. ఈ పల్లె చరిత్ర చూచినచో ఆ తలంపు నిలువదు. ఇచట రక్షణ కావలెనని అడిగినవారు రైతులు.

పదునెనిమిదవ శతాబ్దము ముగియుచున్న కాలమది. చెంగల్పట్టు సీమ అప్పటికి ఈస్టిండియా కంపెనీవారి జాగీరు. 1794 మొదలు 1798 వఱకు లయొనెల్ ప్లేస్ అను దొర అచట కలెక్టరుగా నుండెను. ఊరివారు తరతరములుగా చెప్పుకొను విధమిది: దండులోని తెల్లసోల్జర్లు కొందఱు చెఱువుగట్టునకు వచ్చి, చెట్లమీద గూళ్లు కట్టుకొన్న కొంగలను తుపాకులతో కాల్చుచుండిరి. పల్లెవారు పోయి కలెక్టరు నెదుట మొఱ పెట్టిరి. కలెక్టరు వారి మాట విని, 1798లో ఒక కౌలు వ్రాసి యిచ్చెను. కౌలనగా నేడు మనకు భూమిని గుత్తకిచ్చు పద్ధతియే స్ఫురించును గాని, ఆ కాలమున సర్కారు ప్రజలకు వ్రాసి యిచ్చు అభయపత్రమునకు గూడ అదే మాట వాడుకలో నుండెను. ఆ చెఱువున పక్షులను ఎవ్వరును చంపరాదనియు, వానిని కాపాడుకొను హక్కు గ్రామస్థులదనియు ఆ కౌలు సారము.

ఈ ప్లేసు దొరనుగూర్చి మఱియొక కథ కూడ ఆ ప్రాంతమున వాడుకలో నున్నది. మధురాంతకము పెద్దచెఱువు గట్టు ఏటేట తెగుచుండెడిదట. ఒక వానకాలపు రాత్రి దొర గట్టు చూడబోగా, ధనుర్ధారులైన యిద్దఱు వీరులు కట్టమీద కావలి కాయుచు కనబడిరట. వారు రామలక్ష్మణులే యని నమ్మి, అచటి కోవెలలో అమ్మవారికి సన్నిధి కట్టించెనని చెప్పుదురు. ఆ దేవుని నేటికిని చెఱువు గాచిన రాముడని అఱవవారు పిలుతురు. కథ మాట యెట్లున్నను, ఆ కలెక్టరు చెఱువుల మరమ్మతులలో మిక్కిలి పట్టుదల గలవాడని కంపెనీవారి కాగితములవలననే తెలియుచున్నది. చెఱువు నిండినగాని పంట లేదు. పంట లేనిది శిస్తు లేదు. చెఱువు విలువ తెలిసిన దొర కనుక చెఱువుమీది పక్షుల విలువను పల్లెవారు చెప్పగా వినగలిగెనని నా యూహ.

పల్లెవారికి ఆ పక్షులమీద అంత మమకారమేల కలిగెను? జీవకారుణ్యము లేదనను. అయితే అదియొక్కటే కారణమైనచో కలెక్టరు కచేరికి కాలినడకన పోయి పత్రము వ్రాయించుకొనువఱకు వచ్చెడిది కాదేమో. ఆశ్వయుజ కార్తీకములలో ఈశాన్యపు వానలకు చెఱువు నిండగానే నత్తగుల్లకొంగలు, ఎఱ్ఱకాళ్లకొంగలు, తెల్లకంకణములు, తెడ్డుమూతికొంగలు, నీటికాకులు వేలకొలది వచ్చి, నీట నడుమ నిలిచిన కణపచెట్లమీద గూళ్లు కట్టును. పిల్లలను పెంచి ఎండలు ముదురునప్పటికి పోవును. ఆ నెలలన్నియు పగలు చుట్టుప్రక్కల మడుగులలో మేసి, చేపను నత్తను మ్రింగి వచ్చి, రెట్టనంతయు ఈ చెఱువులోనే విడుచును. నత్రజనియు భాస్వరమును గల ఆ రెట్ట నీటిలో కరగి, తూములగుండ దిగువ పొలములకు పాఱును. అనగా పరిసరములందలి మడుగుల సారమంతయు ఖర్చు లేకయే ఈ యొక్క యూరి వరిమళ్లకు చేరుచున్నదన్నమాట. ఎరువు బండ్లు తోలుకొనవలసిన పని తగ్గెను. ఒక కొంగను కాల్చినవాడు తన పొలమున చల్లవలసిన ఎరువును కాల్చినట్లేయని అచటి రైతునకు ఎవ్వరును బోధింపనక్కఱలేదు.

ఆ కౌలు 1858లో మరల నూతనముగా వ్రాయబడెను. అప్పటికి కంపెనీ దొరతనమే తొలగిపోవుచున్నది. ఏలువారు మాఱినను పల్లెవారు తమ పత్రమును మఱువలేదని దీనివలన తెలియుచున్నది. నా దృష్టిలో ఈ చరిత్రమంతటికిని ముఖ్యమైన సంగతి యిదియే. పిమ్మట 1936లో సర్కారు దీనిని పక్షిరక్షణస్థానముగా గుర్తించెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1998లో చెఱువు చుట్టును 5 కిలోమీటర్ల మేర రక్షితప్రదేశముగా ప్రకటింపబడెను. 2020లో ఆ మేరను 3 కిలోమీటర్లకు కుదింపవలెనను ప్రతిపాదన బయలుదేఱగా, దానికి గట్టి ప్రతిఘటన కలిగెను. చెఱువు మాత్రము మొత్తము 30 హెక్టార్లకు మించదు!

ఇక మన సీమకు వత్తము. వేడందాంగల్‌కు ఉత్తరముగా, అదే తీరమున, దొరవారిసత్రమునకు చేరువను నేలపట్టు అను గ్రామము కలదు. పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022 నుండి తిరుపతి జిల్లాలో చేరినది. అచటి చెఱువునందును కణపచెట్లే, ఆ యీశాన్యపు వానలే. గూడబాతులు పులికాటు సరస్సున చేపలు పట్టి, నేలపట్టు చెట్లమీది పిల్లలకు తెచ్చి పెట్టును. రెట్ట కలిసిన ఆ చెఱువునీరు తమ పైరులకు బలమని అచటి రైతులును ఎఱుగుదురు. 1976లో సర్కారు దానిని పక్షిరక్షణకేంద్రముగా ప్రకటించెను. పక్షి మేయుచోటు వేఱు, గూడు కట్టుచోటు వేఱు. పులికాటు చెడినచో నేలపట్టునందలి గూళ్లు ఖాళీయగును. ఒక్క చెఱువు చుట్టు కంచె వేసినంతమాత్రమున పని తీఱదు.

పక్షివలన లాభమే గాని నష్టము లేదనుకొనుట కూడ పొరపాటే. మైసూరు సీమలో, మండ్య జిల్లాయందు కొక్కరెబెళ్లూరు అను గ్రామమున గూడబాతులును ఎఱ్ఱకాళ్లకొంగలును ఊరి నడుమ, ఇండ్లమీదికి వ్రాలిన చింతచెట్లపైననే గూళ్లు కట్టును. జెర్డాన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పూర్వమే వ్రాసిన ఆ గూళ్లను, నెగినహాళ్ అను అటవీశాఖాధికారి 1976లో మరల లోకమునకు తెలియజేసెను. అచటివారు ఆ పక్షులను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డలుగా నెంతురు. అయినను గూళ్లు కట్టిన చెట్టున చింతపండు దక్కదు. చింతపండు అమ్మి సంసారము నడుపుకొనువానికి ఆడుబిడ్డ వచ్చెనను సంతోషముతోడనే ఏడాది గడచునా? చెట్లు కొట్టి అమ్ముకొనవలెనను ఆలోచన అట్లే పుట్టును. అందుచే కర్ణాటక అటవీశాఖవారు గూళ్లున్న చెట్టునకింతయని చెట్టు యజమానికి పైకమిచ్చు ఏర్పాటు చేసిరి. ఇచ్చునది చాలదను మాట లేకపోలేదు. 2002 నాటి చట్టసవరణ ప్రకారము ప్రజల చేతిలోనే యుండు రక్షితప్రదేశములకు వీలు కలుగగా, 2007లో ఆ గ్రామము అట్టి సముదాయరక్షితముగా ప్రకటింపబడెను. 1798 నాటి కౌలునకు ఇంచుమించు సమీపమునకు వచ్చుటకు మన చట్టమునకు రెండువందల యేండ్లు పట్టినది.

కొల్లేటి కథ వేఱు విధము. 1946లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతపు ఆరేడు గ్రామమున వేలకొలది గూడబాతులు గూళ్లు కట్టియుండగా కనుగొనెను. 1975 ప్రాంతమునకు ఆ గూళ్లు లేవు. తరువాత సరస్సులో చేపలచెఱువులు బలిసెను. గట్లు కట్టినవారు కొందఱు పెట్టుబడిదారులు, కొందఱు కూలి చేసికొను బెస్తలు. ఇరువురి కూడును ఆ గట్లమీదనే ఆధారపడెను. అంతయు జరిగిన పిమ్మట, 1999లో, ఐదవ కాంటూరు వఱకు సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. వేడందాంగల్ రైతునకు కొంగ ఎరువు తెచ్చినది. కొల్లేటి చేపలచెఱువు కాపరికి కొంగ తన చేపను దొంగిలించు జీవి. 2006లో సర్కారు యంత్రములతో ఆ గట్లను తెగగొట్టించెను. జిరాయితీ భూములున్నవారును, పని పోయినవారును తమ గతి యేమని యడిగిరి. 2008లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని తీర్మానించెను. కేంద్రము నియమించిన అజీజ్ సంఘము తగ్గింపవలదనెను. ఈ తగవు నడుమనే, కైకలూరు దాపున ఆటపాకవద్ద, చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెలమీద గూడబాతులు మరల గూళ్లు కట్టుకొనినవి.