ఫర్రాషు ఖాళీ ఎవరికీ చెప్పక్కర్లేదు

దఫ్తరీ, జమాదారు, ఆర్డర్లీ, ప్యూను, దుమ్ము దులిపే ఫర్రాషు, రికార్డు కట్టలు మోసేవాడు, సమన్లు అందించేవాడు, వాచ్‌మన్, స్వీపరు. పాతబస్తీలో ఏ నవాబు దేవిడీ జీతాల చిట్టాయో అనిపించే ఈ వరస 1959లో పార్లమెంటు చేసిన చట్టంలోది. ఉపాధి కల్పనా కార్యాలయానికి ఖాళీలు తెలపాల్సిందేనని యజమానుల్ని కట్టడి చేసిన ఆ చట్టం, ఈ కొలువుల ఊసు మాత్రం ఎత్తక్కర్లేదంది. ఇంటిపనీ అంతే. నెలకు 60 రూపాయల లోపు జీతమైతే ఆ ఖాళీ సంగతీ చెప్పక్కర్లేదు.

నిరుద్యోగుల కోసం పుట్టిన చట్టమే గానీ అది లెక్కపెట్టింది నిరుద్యోగుల్ని కాదు, ఖాళీల్ని. ప్రభుత్వ సంస్థలన్నీ, పాతికమందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలూ మూడు నెలలకోసారి ‘ఈఆర్-1’ ఫారం నింపి పంపాల్సి ఉండేది. ఎగ్గొడితే మొదటిసారి 500, ఆ పైన 1,000 రూపాయల దాకా జరిమానా ఉండేది. ఇంతా చేసి, కార్యాలయం పంపిన వాళ్లనే తీసుకోవాలన్న నిర్బంధం లేదని నాలుగో సెక్షనే తేల్చేసింది. తద్దినం పెట్టి భోక్తల్ని పిలవకపోవడమంటే ఇదే!

ఈ కార్యాలయాలు 1945లో, యుద్ధం ముగిసి ఇంటిముఖం పట్టిన సైనికుల కోసం వెలిశాయి. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది 1956 నవంబరు 1న, అంటే సరిగ్గా ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజున.

హైదరాబాదుకు మాత్రం అంతకు ముందే వేరే కాగితం ఉంది: స్థానికుడినని చెప్పే ముల్కీ సర్టిఫికెట్. 1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం సర్కారీ నౌకరీ కావాలంటే పదిహేనేళ్లు ఇక్కడ కాపురముండాలి. హైదరాబాదును దేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది, 1949లో జాగీర్లు పోయాయి, నిజాం సొంత భూముల సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది. వాటి నీడన బతికిన జమాదార్లూ ఫర్రాషులూ వీధిన పడ్డారు. ఎందరో రిక్షా హ్యాండిల్ పట్టారు. ఇటు ఖాళీ అయిన కుర్చీల్లోకి దొంగ ముల్కీ కాగితాలతో బయటివాళ్లు దూరుతున్నారని గోల మొదలైంది. వరంగల్లులో రాజుకున్న ఆ నిప్పు 1952 సెప్టెంబరులో మూసీ ఒడ్డుకు చేరింది. 3న సిటీ కాలేజీ దగ్గర, 4న పత్తర్‌గట్టి దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి చేత విచారణ జరిపించింది. ఏ శాఖలో ఎవరెవరున్నారో ఏటా బయటపెట్టే ఆనవాయితీ అప్పుడే ఉండి ఉంటే పుకార్లకు అంత బలం వచ్చేది కాదు.

తర్వాతి దశాబ్దాలు ఉపాధి కార్యాలయం ఇచ్చే ‘ఎక్స్-10’ కార్డువి. నిరుద్యోగి జేబులో అదే గుర్తింపు. రెన్యువల్ మరిచిపోతే సీనియారిటీ గల్లంతు. దాని పట్టు సడలించింది కూడా తెలుగు గడ్డ మీది వ్యాజ్యమే. కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో, కార్యాలయం జాబితాతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటన ఇవ్వాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది.

1959 నాటి చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 సామాజిక భద్రతా కోడ్‌లో పాతిక కాస్తా ఇరవై అయింది. లాడ్‌బజార్‌లో లక్క కరిగించి గాజులు చేసే ముగ్గురు నలుగురి దుకాణం అప్పుడూ లెక్కలో లేదు, ఇప్పుడూ లేదు. ఇంట్లో కూర్చుని ఆ గాజులకు రాళ్లు అతికే ఆమె సంగతి మరీ చిత్రం. 2017లో మొదలైన కార్మిక సర్వే వారపు లెక్క ప్రకారం, వారంలో ఒక్క గంట పని దొరికినా ఆమె నిరుద్యోగి కాదు.