ఒకే ఫైలు, ఇద్దరు రాసేవారు: నెట్‌వర్క్‌లో లెక్క ఎందుకు తప్పుతుంది?

సాక్చి: సాక్చి బజారులో ఒక టోకు బియ్యం దుకాణం ఉందనుకుందాం. గల్లా దగ్గర ఒక కంప్యూటర్, గోదాములో మరొకటి. స్టాకు లెక్క ఉన్న ఫైలు మాత్రం ఒక్కటే. అది వేరే గదిలోని సర్వర్‌లో ఉంది. ఉదయానికి ఉన్నవి 100 బస్తాలు. ఇద్దరు గుమాస్తాలూ దాదాపు ఒకేసారి ఫైలు తెరిచారు, ఇద్దరికీ 100 అనే కనిపించింది. గల్లా గుమాస్తా 10 బస్తాలు అమ్మి 90 అని రాసి మూశాడు. కాసేపటికి గోదాము గుమాస్తా లారీలో దిగిన 20 బస్తాలు కలిపి 120 అని రాసి మూశాడు. ఉండాల్సింది 110, ఫైలులో ఉన్నది 120. అమ్మకం లెక్క మాయమైంది. ఎవరి తెర మీదా హెచ్చరిక రాలేదు.

బస్తాల బదులు రోగుల రికార్డులో, పరీక్ష మార్కులో అయితే నష్టం ఇంకా పెద్దది. ఇది వైరస్ పని కాదు, డిస్క్ చెడిపోవడమూ కాదు. నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ తానిచ్చిన మాట ప్రకారమే నడిచింది. ఆ మాట ఏమిటో వాడేవారికి తెలియకపోవడమే చిక్కు.

సర్వర్‌కు గుర్తుండదు

దూరంగా ఉన్న ఫైలును సొంత డిస్క్‌లో ఉన్నట్టే వాడుకోవడానికి సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో ఎన్‌ఎఫ్‌ఎస్‌ను రూపొందించింది. దాని రెండో వెర్షన్ వివరాలు 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1094గా, మూడో వెర్షన్‌వి 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1813గా వెలువడ్డాయి. ఈ రెండింటిలోనూ ఏ ఫైలును ఎవరు తెరిచారో సర్వర్ గుర్తుపెట్టుకోదు. ఇందులో ఒక లాభం ఉంది. సర్వర్ ఆగిపోయి మళ్లీ లేచినా, క్లయింట్ అంటే వాడుకరి కంప్యూటర్ పాత అభ్యర్థననే మరోసారి పంపితే పని సాగిపోతుంది. నష్టమూ ఉంది. ఒకరు ఫైలు మార్చారని మిగిలినవారికి చెప్పే దిక్కు లేదు.

పైగా వేగం కోసం ప్రతి క్లయింట్ ఫైలు భాగాలను తన మెమరీలో దాచుకుంటుంది. దీన్నే క్యాష్ అంటారు. లినక్స్‌లో సెట్టింగులు మార్చకపోతే, ఫైలు మారిందా అని సర్వర్‌ను మళ్లీ అడిగేలోపు 3 నుంచి 60 సెకన్లు గడవొచ్చు. ఆలోగా పాత సమాచారమే కనిపించవచ్చు.

ఎన్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే హామీ పరిమితమైనది. ఒకరు రాసి ఫైలు మూసిన తర్వాత మరొకరు తెరిస్తే, కొత్త రూపం కనిపిస్తుంది. ఇద్దరూ తెరిచి ఉంచుకున్న సమయానికి ఈ హామీ వర్తించదు. మన గుమాస్తాలు చిక్కుకున్నది సరిగ్గా అక్కడే.

తాళం ఎలా పనిచేస్తుంది

దీనికి మందు లాక్. టాటానగర్ లాంటి రైల్వే ఊళ్లలో పెరిగినవారికి ఒంటి లైను టోకెన్ పద్ధతి తెలిసే ఉంటుంది. టోకెన్ చేతికి అందనిదే డ్రైవర్ ఆ లైను మీదకు బండి తీసుకెళ్లకూడదు. లాక్ కూడా అంతే. ఫైలు మొత్తానికి గానీ, అందులో కొంత భాగానికి గానీ తీసుకోవచ్చు. చదివేవారు ఎంతమందైనా కలిసి పట్టుకునే లాక్ ఒకటి, రాసేవారు ఒక్కరే పట్టుకునే లాక్ మరొకటి. లినక్స్ క్లయింట్‌లో లాక్ తీసుకున్నప్పుడు క్యాష్‌ను సరిచూస్తారు, వదిలేటప్పుడు రాసినదాన్ని సర్వర్‌కు పంపేస్తారు.

అయితే యూనిక్స్ తరహా వ్యవస్థల్లో ఈ లాక్ సాధారణంగా సలహా మాత్రమే. లాక్ అడగకుండా నేరుగా రాసే ప్రోగ్రామ్‌ను అది ఆపదు. అందరూ టోకెన్‌ను గౌరవిస్తేనే లైను భద్రం.

పాత వెర్షన్లలో లాక్ పనిని ఒక ప్రత్యేక సేవ చూసుకునేది. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 3010గా వచ్చిన నాలుగో వెర్షన్ దాన్ని ఎన్‌ఎఫ్‌ఎస్‌లోనే కలిపేసింది. మరి లాక్ పట్టుకున్న కంప్యూటర్‌కు కరెంటు పోతే? అందుకే లాక్‌ను గడువుతో, లీజు పద్ధతిలో ఇస్తారు. లినక్స్ సర్వర్‌లో ఈ గడువు మామూలుగా 90 సెకన్లు. క్లయింట్ దాన్ని పొడిగించుకుంటూ ఉండాలి, లేకపోతే ఆ లాక్ మీద హక్కు పోతుంది. సర్వరే ఆగి లేస్తే, కొంతసేపు కొత్త లాక్‌లు ఇవ్వకుండా పాతవారు తమవి తిరిగి తీసుకోవడానికి వ్యవధి ఇస్తుంది.

నాలుగో వెర్షన్‌లో మరో సౌకర్యం డెలిగేషన్. ఫైలును ఒక్కరే వాడుతుంటే, ప్రతిసారీ తనను అడగనక్కర్లేదని సర్వర్ ఆ క్లయింట్‌కు చెప్పగలదు. వేరొకరు రాయడానికి వస్తే ఆ అనుమతిని వెనక్కి తీసుకుంటుంది. విండోస్ నెట్‌వర్క్‌లలోని ఎస్‌ఎంబీలో ఆప్‌లాక్‌లు దాదాపు ఇదే పని చేస్తాయి.

పాటించాల్సినవి

- లాక్ రాసే ముందు కాదు, చదివే ముందే తీసుకోవాలి. చదవడం, లెక్క కట్టడం, రాయడం మూడూ పూర్తయ్యాకే వదలాలి. 100ని ఇద్దరూ ముందే చదివేసుకుంటే, తర్వాత ఎంత గట్టి లాక్ వేసినా ఫలితం 120 లేదా 90.

- ఫైలు చివర వరస చేర్చడం భద్రమని అనుకోవద్దు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైలు చివర ఎక్కడుందో క్లయింటే చూసుకుని రాస్తుంది. ఇద్దరు ఒకేసారి చేరిస్తే ఒకరి వరస మీద మరొకరిది పడొచ్చు.

- ఫైలు మొత్తాన్ని మార్చాలంటే అదే ఫోల్డర్‌లో కొత్త ఫైలు రాసి, పూర్తయ్యాక పాత పేరు పెట్టాలి. చదివేవారికి సగం రాసిన ఫైలు కనిపించదు. అయితే రాసేవారు ఇద్దరుంటే లాక్ అవసరం అప్పటికీ ఉంటుంది.

- ఎస్‌క్యూలైట్ లాంటి డేటాబేస్ ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి పలువురు రాయడం ప్రమాదకరం. లాక్‌ల అమలు సరిగా లేనిచోట ఫైలే పాడవుతుందని దాని తయారీదారులే హెచ్చరిస్తున్నారు.

దుకాణం విషయానికొస్తే, పనికొచ్చే మార్గాలు రెండు. అమ్మకాలకు ఒక ఫైలు, రాకకు మరో ఫైలు పెట్టి, ఒక్కో ఫైలులో ఒక్కరే రాసేలా చూసి, సాయంత్రం రెండూ కలపడం ఒకటి. లెక్కను డేటాబేస్ సర్వర్‌కు అప్పగించి, 90 అనో 120 అనో కాకుండా ‘10 తగ్గించు’, ‘20 కలుపు’ అని పంపడం రెండోది. అప్పుడు ఎవరు ముందు రాసినా నిల్వ 110 బస్తాలే.