లెక్క ఎవరు చెప్పాలి?

బడిలో చదువు సాగకపోతే బాధ్యులెవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పేముందు దాని చరిత్రను తెలుసుకోక తప్పదు.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఆ కొత్తలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఉపాధ్యాయులం కొందరం ఒక సెలవురోజున కూర్చుని దాన్ని చదివాం. ఉపన్యాసం వద్దనుకున్నాం. ప్రొద్దుటూరు జట్టు ఉపాధ్యాయుల విధులు, జమ్మలమడుగు జట్టు ప్రభుత్వ విధులు, పులివెందుల జట్టు తల్లిదండ్రుల కమిటీల సంగతి చదివాయి. తర్వాత జట్లు మార్చి, ఒకరు చదివింది మరొకరికి చెప్పుకున్నాం.

24వ సెక్షను చదివినవాళ్లు "ఇది మన మెడకు ఉరి" అంటూ వచ్చారు. వేళకు రావాలి, గడువులోగా పాఠాలు పూర్తిచేయాలి, తప్పితే క్రమశిక్షణ చర్య. రెండవ జట్టు మరో పుట విప్పింది. 8వ సెక్షను ప్రకారం దగ్గరలో బడి, భవనం, సామగ్రి, ఉపాధ్యాయులు సమకూర్చవలసింది ప్రభుత్వం. ప్రాథమిక పాఠశాలలో అరవైమంది లోపే ఉన్నా ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వాళ్లకు బయటి పనులు చెప్పరాదు. మూడవ జట్టు 21వ సెక్షను తెచ్చింది. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగంమంది స్త్రీలు. బడి నిధుల ఖర్చును పరిశీలించడం వారి పని. మూడూ కలిస్తేగాని అది ఒక చట్టంగా మాకు కనిపించలేదు.

ఈ చదువు పద్ధతిని 1971లో టెక్సాస్‌లో ఎలియట్ అరన్సన్ రూపొందించాడు. తెల్ల, నల్ల పిల్లలు కొత్తగా కలిసి చదవవలసి వచ్చిన బళ్లలో వారి మధ్య వైరం తగ్గించడం ఆయన ఉద్దేశం. కాని ఒకరికొకరు నేర్పుకోవడం మన వీథిబడికి కొత్త కాదు. మనలాగే దత్తమండలంలోని బళ్లారి జిల్లా కలెక్టరు క్యాంబెల్ 1823లో తన జిల్లాలో 533 బళ్లు, 6,641 మంది విద్యార్థులున్నట్టు నివేదించాడు. పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెబుతూ తమ చదువును గట్టిపరచుకునే తీరును మెచ్చుకున్నాడు. అంతకుముందే ఆండ్రూ బెల్ మద్రాసు అనాథ బాలుర బడిలో ఇటువంటి పద్ధతిని నడిపి, 1797లో లండనులో పుస్తకం అచ్చువేశాడు. అది "మద్రాసు పద్ధతి"గా పేరుకెక్కింది.

అట్లాగని ఆ బళ్లను ఆకాశానికెత్తనక్కరలేదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మందే. వాడల పిల్లలకు ఆ అరుగులు అందనివే. బళ్లు క్షీణించడానికి ప్రజల పేదరికమే కారణమనీ, సీమగుడ్డ వచ్చి మన చేతిపనివాళ్ల ఆదాయం కుంగిందనీ క్యాంబెలే ఒప్పుకున్నాడు. లెక్క అడగవలసింది అక్కడ.

పాలకులు అడిగింది మాత్రం ఐవారిని. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో తెచ్చిన సవరణ కోడు ప్రకారం చదవడం, రాయడం, లెక్కల్లో ఎంతమంది నెగ్గితే బడికి అంత గ్రాంటు. 1860లలోనే ఈ విధానం మద్రాసు రాజధానికి వచ్చింది. పరీక్షాధికారి వచ్చేరోజు కోసం బట్టీ పట్టించడం దాని సహజ ఫలితం. ఇక్కడినుంచి కలిసి నేర్చుకోవడం అటు వెళ్లింది. అటునుంచి ఈ తూకం ఇటు వచ్చింది. 1904లో కర్జను ప్రభుత్వమే విద్యా తీర్మానంలో దానికి స్వస్తి చెప్పింది.

అయినా ఆ ఆలోచన చావలేదు. 2002లో అమెరికా తెచ్చిన చట్టం ఏటేటా పరీక్షలతో బళ్లను తూచింది. 2015లో దాని స్థానంలో మరో చట్టం తెచ్చారు. మన విద్యాహక్కు చట్టాన్ని 2019లో సవరించి, 5, 8 తరగతుల్లో తప్పినవారిని రాష్ట్రాలు ఆపివేసేందుకు వీలు కల్పించారు. పిల్లవాణ్ణి తూచే తక్కెడ దొరికింది. 8వ సెక్షనును తూచే తక్కెడ ఏది?

ఈ ప్రశ్న వేసే అర్హత మాకుందా అని కూడా ఆలోచించాలి. ఆ రోజు తల్లిదండ్రుల హక్కుల పుటను మేమే చదివాం, మేమే చెప్పుకున్నాం. మా మధ్య ఒక్క తల్లి అయినా లేదు. కూలికి పోయి సాయంత్రం ఇల్లు చేరే ఆ తల్లికి కమిటీ అంటే రిజిస్టరులో వేసే వేలిముద్ర. ఆమె నాలుగో జట్టుగా వచ్చి మాతో కూర్చున్నప్పుడే ప్రభుత్వాన్నీ మమ్మల్నీ కలిపి లెక్క అడగగలుగుతుంది. ఆమెను పిలవకుండా చేసిన ఆ చదువు సగం చదువే.