తార్నాక దారిలో నీటి బొమ్మలు

ప్రకృతి చిత్రకారుడు అనగానే కొండల దాకా వెళ్లొచ్చిన మనిషి మన కళ్లముందు నిలుస్తాడు. తెలుగులో ఈ ఊహకు బలమిచ్చింది సంజీవదేవ్ (1914–1999) జీవితం. గుంటూరు జిల్లా తుమ్మపూడి నుంచి చిన్న వయసులోనే హిమాలయాలకు వెళ్లాడు, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్‌ను కలిశాడు, తిరిగొచ్చి సొంత ఊళ్లోనే ఉండి కొండలనూ మబ్బులనూ గీశాడు. తాత్విక వ్యాసాలు కూడా రాశాడు కాబట్టి ఆయన బొమ్మల్లోని ప్రశాంతతను ఆయన వాక్యాల వెలుగులోనే చూడటం మనకు అలవాటైంది. ఆ అలవాటు వెంట ఒక నమ్మకమూ స్థిరపడింది. ముందు ఏదో ఆధ్యాత్మిక అనుభవం కలుగుతుందని, బొమ్మ దాన్ని తర్వాత చెబుతుందని. తెలుగు నేల మీద ప్రకృతి చిత్రణ నడిచిన తీరు చూస్తే ఈ వరస తిరగబడుతుంది. ముందు పని. ఒకే వస్తువును ఏళ్ల తరబడి చూడటం, గీయడం, మళ్లీ గీయడం. ప్రకృతితో బంధం అంటూ ఏర్పడితే అది ఆ పనిలోంచే ఏర్పడింది. ఈ మాటకు గట్టి సాక్ష్యం తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే రోడ్డు మీద, ఒక ప్రయోగశాలలో దొరుకుతుంది.

ఆ ప్రాంతం గురించి కొంచెం చెప్పుకోవాలి. అడిక్‌మెట్ నుంచి రామంతాపూర్ దాకా ఒకప్పుడు ఉన్నవి గుట్టలు, బండరాళ్లు, మధ్యమధ్యలో చెరువులు. హైదరాబాద్ బండరాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రం లెక్క. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టినా, దాని ముఖచిత్రమైన ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గానీ తెరుచుకోలేదు. అది కూడా గ్రానైట్ కట్టడమే. ఆ తర్వాత తార్నాక, హబ్సిగూడల్లో పరిశోధన సంస్థలు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. 1977లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఏర్పడి, హబ్సిగూడలో సొంత ఆవరణ కట్టుకుని 1987లో జాతికి అంకితమైంది. చుట్టూ కాలనీలు కిక్కిరిసిపోతుంటే ఈ ప్రహరీగోడల వెనక మాత్రం చెట్లు మిగిలాయి. నగరం ప్రకృతిని ఎక్కడ దాచుకుందో వెతికేవాళ్లకు ఇది ఆసక్తికరమైన విషయం. ఇక్కడ ఆ పని గుడి తోటలు చేయలేదు, సర్కారీ ప్రయోగశాలలు చేశాయి.

సీసీఎంబీ వ్యవస్థాపక సంచాలకుడు పుష్పమిత్ర భార్గవ. 1981 నాటి శాస్త్రీయ దృక్పథ ప్రకటన వెనక ఉన్నవాళ్లలో ఒకడు, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం బోధించడాన్ని సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఎదిరించినవాడు. మూఢనమ్మకమంటే మండిపడే ఈ మనిషి తన సంస్థలో చిత్రకళకు చోటిచ్చాడు. ఆ సంస్థలో ఆవాస చిత్రకారుడిగా పనిచేసినవాడు సూర్యప్రకాశ్ (1940–2019). హైదరాబాద్ ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివి, ఢిల్లీలో రామ్‌కుమార్ దగ్గర మెళకువలు నేర్చుకుని వచ్చినవాడు. కొలనులు, తామరాకులు, రాలిన ఆకులు, నీటిలో చెట్ల నీడలు ఆయన ప్రసిద్ధ వస్తువులు. చూసినవాళ్లు ధ్యానం, మౌనం వంటి మాటలు ఊరికే వాడేసే బొమ్మలు. దేవుడి ఊసు లేని చోట, కణాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించేవాళ్ల మధ్య, ఇలాంటి చిత్రాలకు ఆదరణ దొరికింది. దీన్ని వైరుధ్యం అనుకుంటే తేలికే. నాకు మాత్రం సహజంగానే తోస్తుంది. ఆ శాస్త్రవేత్తలూ ఈ చిత్రకారుడూ చేసేది ఒక చిన్న చోటును వదలకుండా చూడటమే.

సూర్యప్రకాశ్ నేరుగా కొలనుల దగ్గరికి రాలేదన్నది ఈ వాదనకు కీలకం. తొలినాళ్లలో ఆయన్ను పట్టుకున్నవి తుక్కు కార్లు. తుప్పు పట్టి, విడిభాగాలై, గుట్టలుగా పడి ఉన్న మోటారు బండ్లను వరసగా గీశాడు. గురువు రామ్‌కుమార్ కూడా 1960 ప్రాంతంలో కాశీకి వెళ్లి, క్రమంగా మనుషులను కాన్వాసు నుంచి పంపించేసి, నగరాన్ని రంగు పలకలుగా మార్చినవాడు. శిష్యుడు ఆ మార్గంలోనే లోహం శిథిలమవడాన్ని చూశాడు. తుప్పులో రంగు ఎలా మారుతుంది, ఒక ఉపరితలం మరో ఉపరితలాన్ని ఎలా తినేస్తుంది అన్నవి అక్కడ నేర్చుకున్న కన్నే తర్వాత నీటి మీదికి మళ్లింది. నీటి బొమ్మల్లోనూ అదే సమస్య. అడుగున ఉన్నది, పైన తేలేది, పైనుంచి ప్రతిఫలించేది, మూడూ ఒకే చదును మీద ఎలా నిలవాలి? మొదటి నుంచీ ప్రకృతి ఆరాధనే ఆయన్ను నడిపించి ఉంటే తుక్కు బండ్లతో ఏం పని?

ఇదంతా అరువు సరుకు కదా అనే అభ్యంతరం పాతదే. జివెర్నీలో 1893 నుంచి కొలను తవ్వించుకుని, 1926లో చనిపోయేదాకా దాన్నే చిత్రించిన మోనే ప్రభావం సూర్యప్రకాశ్ మీద స్పష్టంగా ఉంది. ఇంకా వెనక్కి వెళితే రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) గోదావరిని నీటి రంగుల్లో గీసినప్పుడు ఆయనకు దన్నుగా నిలిచింది ఆంగ్లేయుడు, కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. చదువు బొంబాయి జేజే స్కూల్లో. పనిముట్లు బయటివేనని ఒప్పుకోవడానికి ఇబ్బంది ఎందుకు? మోనే గోడల నిండా జపాను అచ్చుబొమ్మలు వేలాడేవి, ఆయన కొలను మీది వంతెన కూడా జపాను తీరుదే. ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది ఒక సంగతి, ఏం చూశారన్నది మరొకటి. రామారావు ఇరవయ్యేడేళ్లకే మశూచితో పోయాడు. ఆ కొద్దికాలంలో ఆయన చూసింది గోదావరినే, థేమ్స్‌ను కాదు.

రెండో అభ్యంతరం దీనికి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. చెట్టునూ చెరువునూ మొక్కడం మన సంప్రదాయంలోనే ఉంది, చిత్రకారుడు కొత్తగా ఏం చేశాడు అని. తెలంగాణ చెరువుకట్టల మీద కట్టమైసమ్మ కొలువై ఉంటుంది, నిజమే. కానీ ఊరికి చెరువుతో ఉన్నది అవసరం, భయం, కృతజ్ఞత కలిసిన సంబంధం. కట్ట తెగితే పంట పోతుంది, ప్రాణాలూ పోతాయి. ఆ సంబంధానికి చెరువు ఎలా కనిపిస్తుందన్నది ముఖ్యం కాదు. మన బొమ్మల్లోనూ అంతే. చేర్యాల పటాల్లో ఎర్రని నేపథ్యం మీద చెట్టు కథకు గుర్తుగా నిలబడుతుంది. దాని బెరడు ఎలా ఉందని నకాశీ చిత్రకారుణ్ని ఎవరూ అడగరు. చెట్టునో బండనో కథానాయకుణ్ని చేయడం ఇరవయ్యో శతాబ్దపు పని. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివొచ్చి హైదరాబాద్‌లో పాఠాలు చెప్పిన కొండపల్లి శేషగిరిరావు (1924–2012) పురాణ పాత్రలను ఎన్నిటినో వేశాడు, దక్కన్ బండరాళ్ల మీదా అంతే మక్కువ చూపాడు. రెండు సంప్రదాయాలూ ఒకే చేతిలో ఉన్న మనిషి ఆయన. కథను వదిలి నీటి దగ్గరే ఆగిపోయినవాడు సూర్యప్రకాశ్.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ రామంతాపూర్ నుంచే వస్తుంది. అక్కడి పెద్ద చెరువు, చిన్న చెరువు ఆక్రమణలతో కుంచించుకుపోయి, మురుగు నిండి, గుర్రపుడెక్కతో మూసుకుపోతుంటే పక్కనే తేటనీటి కొలనులు గీయడం కళ్లు మూసుకోవడం కాదా? ఇందులో నిజముంది. ఆయన నీటి బొమ్మల్లో మనిషి దాదాపు కనిపించడు, మురుగు అసలే కనిపించదు. అది ఏ చెరువో, ఏ ఏడాదో బొమ్మ చెప్పదు. రేపు చరిత్రకారుడు ఈ చెరువులు ఎంత మేర ఉండేవో తేల్చాలంటే తార్నాకలోనే ఉన్న రాష్ట్ర పురాలేఖల భాండాగారంలో పాత దస్తావేజులు తిరగేయాలి గానీ కాన్వాసులు పనికిరావు. పనిలోంచి పుట్టిన తన్మయత్వానికి ఈ పరిమితి ఉండనే ఉంది. చూపును ఎంత దగ్గరికి తెస్తే చుట్టుపక్కల అంత తక్కువ కనిపిస్తుంది. అలాగని నీటి బొమ్మలను పలాయనంగా కొట్టిపారేయడం, వాటికి ముందున్న తుక్కు బండ్లను మరిచిపోవడమే. నగరం పారేసిన చెత్తను హైదరాబాద్‌లో ఇంకా ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లో అంత శ్రద్ధగా చూసిన చేయి ఇదే. చూడ్డానికి హాయిగా ఉన్నందువల్ల నీటి బొమ్మలకే పేరొచ్చింది. ఆయనలోని ఆ ఇద్దరిలో ఎవరు మెరుగైన చిత్రకారుడంటే, నా ఓటు తుప్పు గీసినవాడికి.