రోగలక్షణాలు లేని వ్యాప్తి – విద్యార్థి వసతిగృహాలు

2020 మార్చి 25న హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, కూకట్‌పల్లి ప్రాంతాల హాస్టళ్లు ఖాళీ చేయమనడంతో వేలమంది యువతీయువకులు పాసుల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు దొరికినవారిలో చాలామంది గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. మీలో కొందరు ఆ వరుసల్లో ఉండి ఉండవచ్చు. దగ్గు, జ్వరం లేని పిల్లలను సొంత రాష్ట్రమే ఎందుకు ఆపింది? ఆ భయం వెనుక పాత చరిత్ర ఉంది.

1884లో జర్మన్ శాస్త్రజ్ఞుడు లోఫ్లర్ డిఫ్తీరియా సూక్ష్మజీవిని ఆరోగ్యంగా ఉన్న ఒక బిడ్డ గొంతులోనూ కనుగొన్నాడు. రోగి వేరు, రోగవాహకుడు వేరు అనే భావనకు ఇది తొలి ఆధారాలలో ఒకటి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో జె. ఎ. గ్లోవర్ అనే వైద్యుడు సైనికుల బారకాసులను పరిశీలించాడు. మంచాలు దగ్గరవుతున్నకొద్దీ గొంతులో మెనింజైటిస్ క్రిమి మోసే ఆరోగ్యవంతులు పెరిగారు. మంచాల మధ్య సుమారు రెండున్నర అడుగుల ఎడం పెట్టించగా తగ్గారు. ఆయన సైనికుల నడతను కాదు, గది కొలతలను తప్పుపట్టాడని గమనించండి.

ఈ తేడా 2020లో మళ్లీ ముందుకు వచ్చింది. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్, డర్హామ్ ఇరుగుపొరుగు పట్టణాలు. చాపెల్ హిల్ విశ్వవిద్యాలయం వచ్చే విద్యార్థులందరికీ ముందుగా పరీక్ష తప్పనిసరి చేయకుండానే ఆగస్టు 10న తరగతులు మొదలుపెట్టింది. వారం తిరిగేసరికి పరీక్షల్లో పాజిటివ్ శాతం 2.8 నుంచి 13.6కు చేరింది. వసతిగృహాల్లో కేసుల గుంపులు బయటపడ్డాయి. 17వ తేదీన తరగతులను ఆన్‌లైన్‌కు మారుస్తున్నట్లు ప్రకటించారు. నింద ఎక్కువగా విద్యార్థుల విందులమీద పడింది. విందులు జరగలేదని కాదు. కానీ ఒకే గది, ఒకే స్నానాలగది పంచుకోమని చెప్పింది విద్యార్థులు కారు.

డర్హామ్‌లోని డ్యూక్ విశ్వవిద్యాలయం లక్షణాలకోసం ఎదురుచూడలేదు. ఐదుగురి నమూనాలను కలిపి ఒకే పరీక్ష చేసే పద్ధతిలో, క్యాంపస్‌లో ఉండే డిగ్రీ విద్యార్థులను వారానికి రెండుసార్లు పరీక్షించింది. ఆగస్టు 2 నుంచి అక్టోబరు 11 వరకు 10,265 మంది నుంచి 68,913 నమూనాలు తీసుకోగా 84 మందికి వ్యాధి సోకినట్లు తేలింది. వీరిలో సగానికి కొంచెం పైగా ఏ లక్షణమూ లేనివారే. అయితే ఈ పోలికను జాగ్రత్తగా వాడండి: డ్యూక్ ఆ ఏడాది క్యాంపస్ వసతిని ప్రధానంగా మొదటి, రెండవ సంవత్సరం వారికే పరిమితం చేసింది. డబ్బు కూడా దండిగా ఉన్న సంస్థ.

అరిజోనా విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. అక్కడ హాస్టళ్లనుంచి వచ్చే మురుగునీటిని పరీక్షించేవారు. ఆగస్టు చివరలో లికిన్స్ హాల్ నీటిలో వైరస్ ఆనవాలు కనిపించింది. అప్పటికి అక్కడ జబ్బుపడ్డామని ఎవరూ చెప్పలేదు. ఆ భవనానికి చెందిన 311 మందిని పరీక్షించారు. ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. ఇద్దరికీ లక్షణాలు లేవు. వారిని అదే భవనంలో ఉంచకుండా వేరు వసతికి మార్చారు.